మొత్తం అనే గడి

సెంట్రల్ దగ్గర పచ్చలైటు పడ్డా
మా ఆటో కదల్లేదు.
వ్యాసర్‌పాడి నుంచి ఇక్కడిదాకా దారి ఒక్కటే,
ఇక్కణ్ణుంచే రెండు.

వెనక సీట్లో ఏసురత్నం
కుడి పక్క కడుపు పట్టుకుని
మోకాళ్ళు గడ్డానికి ఆనించుకున్నాడు.
రోజూ తను తోలే ఆటోనే.
ఇవాళ తోలేది పక్కింటి సెల్వం.

"పెద్దాసుపత్రికి పోనీ" అంది అత్త చెంగమ్మ.
పదిహేడేళ్ళుగా అక్కడ మూడో అంతస్తు తుడుస్తుంది.
"మా ఆసుపత్రికి పోనీ" అన్నాను నేను.
ఆరేళ్ళుగా గ్రీమ్స్ రోడ్డులో బిల్లులు కొడతాను,
అద్దం వెనకాల, ఏసీ చలికి చున్నీ కప్పుకుని.

"మీ దాంట్లో తలుపు తీయడానికే ఒకడుంటాడు,
వాడి జీతం నా కొడుకు కడుపులోంచే లాగుతారు."
"మీ దాంట్లో వరండాలో చాపేసి పడుకోబెడతారు."
"చాప మీదైనా చూస్తారు.
మీరు కార్డు గీకందే నాడి పట్టుకోరు."
"మా దాంట్లో చేతులు కడుక్కుంటారు."

ఆ మాట అన్నాక
కాసేపు ఎవరం మాట్లాడలేదు.
ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి,
ఫినాయిలుకి నాని, తెల్లగా పగిలి.

"అన్నకి కళ్ళు తిరుగుతున్నాయక్కా" అన్నాడు సెల్వం.

స్టాఫు తగ్గింపు ఇరవై శాతం.
అడ్వాన్సు అరవై వేలు.
ఇన్సూరెన్సు వాళ్ళు తెల్లారేదాకా ఫోనెత్తరు.
ఈ లెక్క నాకు నోటికొచ్చు,
రోజుకి నలభైమందికి నేనే చెబుతాను.
"పెద్దాసుపత్రి" అన్నాను.
వాదనలో అత్త గెలవలేదు,
అరవై వేలు గెలిచింది.

స్ట్రెచరు కుర్రాడు వంద అడిగాడు.
అత్త రెండు భాషల్లో తిట్టింది.
ఎవరో గుర్తుపట్టి నాలిక్కరుచుకుని
పరుగున తోసుకెళ్ళాడు.
ఏ అత్తా లేనివాళ్ళు నలుగురు
వెనక నిలబడి చిల్లర లెక్కపెట్టుకుంటున్నారు.

"ఇంకో గంట ఆగితే పగిలేది" అంది
డాక్టర్ కయల్విళి.
ముప్పై గంటలుగా నిద్ర లేదట.
గోడకి ఆనుకుని చెప్పింది,
గోడ వదిలితే పడిపోయేలా.
కానీ ఆ కుట్లు!
మా దగ్గర లక్షకి కూడా
అంత సన్నటి కుట్లు చూడలేదు నేను.

మూడు రోజులు, రెండు మంచాల మధ్య చాప.
రాత్రిళ్ళు పిల్లి ఒకటి
కాళ్ళ మీంచి నడిచి పోయేది.
ఎడమ మంచం మీద సూళ్ళూరుపేట పెంచలయ్య.
రెండో రోజు నన్నే చూసి చూసి అన్నాడు:
"అద్దం వెనక అమ్మాయివి కదూ నువ్వు?
నా అరెకరం బిల్లు నువ్వే కొట్టావు.
సారీ అండీ అని కూడా అన్నావు."
కోపంగా అనలేదు.
"పరుపు మాత్రం మెత్తగా ఉండేదమ్మా,
నిజం చెప్పాలి."
నేను లేచి నీళ్ళ సీసా నింపుకొచ్చాను,
అది నిండుగానే ఉంది.

వేళ్ళకి అలవాటు పోదు.
ఓపీ చీటీ వెనక బిల్లు రాశాను.
కోత, కుట్లు: ఉచితం.
కయల్విళి నిద్ర, ముప్పై గంటలు.
చెంగమ్మ జీతం రెండు నెలలది,
కాంట్రాక్టరు జేబులో ఇరుక్కున్నది.
నేల, ఆరడుగులు.
సబ్బు నుంచి అగ్గిపెట్టె దాకా
మేమంతా కట్టిన పన్ను.
స్ట్రెచరు కోసం నిలబడ్డ నలుగురు.
మా కంప్యూటర్లో దూదికి కూడా కోడుంది.
వీటికి ఏ కోడూ గుర్తు రాలేదు.
మొత్తం అనే గడి అలాగే వదిలేశాను.

అత్త బకెట్టుతో వచ్చింది.
"ఏందది?"
చదివి వినిపించాను.
"మొత్తం ఎంతయింది?"
"తెలీదత్తా."
"తెలీకుండానే కొట్టావా ఆరేళ్ళు?"

కాళ్ళెత్తమంది. ఎత్తాను.
తడిగుడ్డ నా కిందనుంచి పోయింది,
పెంచలయ్య మంచం కిందకి,
అక్కణ్ణుంచి వరుసగా అటు.

"ఆరేదాకా దించకు" అంది,
వెనక్కి తిరక్కుండానే.